సంచీ మీద కూర్చున్న పెద్దమ్మ

బొంతలమ్మ పొద్దున్నే సంచీ సర్దుతోంది. రెండు బస్సులు మారి నగరసభ ఆఫీసుకు వెళ్ళాలి, ఒక అర్జీ అందించాలి, తిరిగి రావాలి. మధ్యాహ్నానికల్లా అయిపోయే పని. సంచీలో మాత్రం రెండు బొంతలు, ఒక దిండు, రెండు జతల బట్టలు, మందుల డబ్బా, దారపుండ, సూదులు దిగాయి.

"ఏంటి వదినా, కొత్త కాపురానికా?" అంది ఎదురింటి వదిన, గడప మీద నిలబడి.

"వెళ్ళేవాళ్ళకి ఎప్పుడొస్తారో తెలుస్తుందా?" అంది బొంతలమ్మ దిండును మోకాలితో అదుముతూ.

ఆ మాటకు వదిన నవ్వలేదు. ముప్పయ్యేళ్ళ కిందట ఈ గుమ్మంలోంచే బొంతలమ్మ పెనిమిటి "ఇప్పుడే వస్తా" అని గుండీలు కొనడానికి వెళ్ళాడు. ఆనాటి నుంచి ఆవిడ వీధి మలుపు దాటినా పక్కబట్టలు వెంట ఉండాల్సిందే.

ఈసారి భయం పెద్దది. వాళ్ళు అద్దెకుంటున్న నలభై వాటాల భవనాన్ని నగరసభ అమ్మెయ్యబోతోంది. అమ్మితే గుడికి వెళ్ళే బొంతలమ్మ ఊరికి ఒక మూల, చర్చికి వెళ్ళే వదిన ఇంకో మూల. అందుకే గుడి, చర్చి, మసీదు కలిసి సంఘం కట్టాయి. భవనం అమ్మొద్దు, అద్దె పెంచొద్దు అని రెండు వేల సంతకాలు పోగుచేశాయి. గడువు ఆ రోజు సాయంత్రం ఐదు. పోగొట్టదని నమ్మి సంతకాల కట్టను బొంతలమ్మ చేతిలో పెట్టారు.

ఆ సంఘానికి ఒక కట్టుబాటు ఉంది. ఒకరు కూర్చుంటే అందరూ కూర్చోవాలి. ఎవరూ ముందు లేవకూడదు. లేస్తే మిగతావాళ్ళు నొచ్చుకుంటారేమో! ఆ మర్యాద వల్ల గంట మీటింగులు నాలుగు గంటలు సాగేవి.

పదింటికి, తోడొచ్చిన వదినతో ఆఫీసు వరండా ఎక్కి, బొంతలమ్మ సంచీలో చెయ్యి పెట్టింది. దిండు తగిలింది, బొంతలు తగిలాయి, దాచమని వదిన ఇచ్చిన ఫోనూ తగిలింది. కట్ట తగల్లేదు.

"వదినా! దిండు పట్టడంలేదని కట్ట తీసి స్టూలు మీద పెట్టాను. పైన పెడదామనుకున్నా..."

"పైన పెట్టావులే, మన నెత్తిన! నువ్విక్కడే ఉండు. ఇప్పుడే వస్తా," అని వదిన బస్సుకు పరుగెత్తింది.

'ఇప్పుడే వస్తా' అన్న మాట చెవిన పడగానే బొంతలమ్మ సంచీ మీద కూలబడింది. కాపలాదారు వచ్చాడు.

"ఎంతసేపుంటావు పెద్దమ్మా?"

"పనయ్యేదాకా కదలను నాయనా."

అతను ఆవిడను చూశాడు, సంచీలోంచి తొంగిచూస్తున్న దిండును చూశాడు, పైకి ఫోను చేశాడు. "సార్, ఒక పెద్దావిడ పక్కతో సహా దిగింది. పనయ్యేదాకా కదలదట."

అర్జీ అందిందో లేదో చూద్దామని అప్పుడే వచ్చిన పాస్టరుగారు ఆ మాట విన్నారు. 'గుడివాళ్ళు ధర్నాకు దిగారన్నమాట! మనకు చెప్పడానికి మొహమాటపడ్డారు పాపం' అనుకుని చర్చి బెంచీలు తెప్పించారు. బెంచీలు చూసి ఇమాంగారు కంగారుపడి మసీదు తివాచీలు పరిపించారు. చివర్లో వచ్చిన పూజారిగారికి తల కొట్టేసినట్టయింది. "మా పెద్దావిడ కోసం మీరింత చేస్తుంటే మేం చేతులూపుకుంటూ రావడమా!" అని గుడి వంటపాత్రలు దింపించారు. పన్నెండయ్యేసరికి వరండాలో రెండొందల మంది, మూడు పొయ్యిలు.

మేడ మీంచి చూసిన ఇళ్ళ శాఖ అధికారి "గేటు వేసెయ్! ఇంకొక్క మనిషి లోపలికి రాకూడదు!" అని కాపలాదారుకు ఆజ్ఞ ఇచ్చాడు. డిప్యూటీ మేడంగారి బల్ల మీద ఒక చీటీ పెట్టాడు: "ఇప్పుడే వస్తాను. నేను వచ్చేదాకా నా సంతకాలన్నీ మీవే." వెనక మెట్ల మీదుగా జారుకున్నాడు.

మేడంగారు నాలుగింటిదాకా చూసి కిందికి దిగారు. "ఈ ధర్నా ఎవరిదండీ?"

"పాస్టరుగారిదండీ," అన్నారు పూజారిగారు వినయంగా.

"అయ్యో, ఇమాంగారిది!"

"నాదెక్కడిదండీ, పూజారిగారిది!"

అందరి చూపులూ సంచీ మీదికి తిరిగాయి. బొంతలమ్మ కళ్ళు తుడుచుకుంది. "ధర్నా ఏంటమ్మా! కాయితాల కట్ట ఇంటిదగ్గర మర్చిపోయాను. మా వదిన తేవడానికెళ్ళింది, రాలేదు. ఇక రాదు."

వరండా అంతా ఘొల్లున నవ్వింది. వెనక వరసలో ఒకాయన లేవబోయి, కట్టుబాటు గుర్తొచ్చి మళ్ళీ చతికిలబడ్డాడు.

"నవ్వులు తర్వాత," అన్నారు మేడంగారు. "అమ్మకం ఆపే ఉత్తర్వు టైపై మూడు నెలలుగా మా అధికారిగారి బల్ల మీద పడుంది. ఆయన 'ఇప్పుడే వస్తాను' అని చీటీ పెట్టి పోయారు, రాలేదు; సంతకం నేను పెడతాను. కానీ ఐదులోపు ఆ కట్ట లేకపోతే అది చెల్లదు."

ఏం చెయ్యాలో ఆలోచిద్దామని ఇమాంగారు పొయ్యిలు ఆర్పించారు. పాస్టరుగారు అందరినీ నోరు మూసుకోమన్నారు. ఆ నిశ్శబ్దంలో, గేటు అవతలి నుంచి ఒక బొంగురు గొంతు వినిపించింది.

"ఒరే గేటుబాబూ! నీ కాళ్ళకి దణ్ణం, తెరు నాయనా!"

బొంతలమ్మ పొద్దుటి నుంచి మొదటిసారి లేచి, సంచీ వదిలేసి పరుగెత్తింది. ఊచల అవతల, కట్ట గుండెలకు హత్తుకుని, చెమటతో తడిసి ముద్దయి వదిన!

"పన్నెండున్నర నుంచీ అరుస్తున్నా! మీ వంటల గోలలో నా గొంతు వినపడితేగా! ఫోను చేద్దామంటే అది నీ కిందే ఉందాయె!"

"వచ్చావా వదినా!"

"రాక ఎక్కడికి పోతాను? ముందు కట్ట అందుకో!"

ఊచల మధ్యలోంచి వచ్చిన కట్ట చేతులు మారి మేడంగారికి చేరింది. ఐదుకు పది నిమిషాలుండగా ఉత్తర్వు మీద సంతకం పడింది. నలభై వాటాలూ నిలిచాయి. బొంతలమ్మ సంచీ విప్పకుండానే ఇంటికి తిరిగొచ్చింది. ఆ రాత్రి రెండు తలుపులూ ఎదురెదురుగా తెరిచే ఉన్నాయి.

'ఇప్పుడే వస్తా' అని వెళ్ళి తిరిగి రానివాళ్ళు బొంతలమ్మ ఎరుకలో ఇద్దరే: ముప్పయ్యేళ్ళ కిందట, ఒక గురువారం సాయంత్రం, పెనిమిటి; మొన్న మంగళవారం, మధ్యాహ్నం పన్నెండుంబావుకి, ఇళ్ళ శాఖ అధికారి.