బాదంచెట్టుకు దొరికిన బాధ్యుడు

ఆ వీధిలో ఇంతవరకూ ఎవరూ తమ తప్పువల్ల జారిపడలేదని సగర్వంగా మనవి చేస్తున్నాం. పడినవాళ్ళందరినీ బాదంచెట్టే పడేసింది.

చెట్టు మొదటి ఇంటి ముందుంది. దానికి పద్ధతంటూ లేదు. ఎండాకాలం కాయలు, చలికాలం ఆకులు, మధ్యలో పూత, ఇవి చాలవన్నట్టు గబ్బిలాలు సగం కొరికి వదిలేసిన ఎంగిలి కాయలు. ఏడాది పొడుగునా ఏదో ఒకటి రాల్చకపోతే దానికి పొద్దుపోదు.

అలాగని ఆ వీధివారు శుభ్రత తెలియనివాళ్ళనుకునేరు! తెల్లారేసరికి ప్రతి ఇంట్లోనూ చీపురు లేస్తుంది. మొదటి ఇంటివారు కాయల్ని రెండో ఇంటి ముందుకు ఊడుస్తారు. రెండో ఇంటివారు మూడో ఇంటి ముందుకు, వాళ్ళు నాలుగో ఇంటి ముందుకు. వీధి చివర గోడ ఉంది కాబట్టి కాయలు అక్కడ రోడ్డు దాటి, ఎదుటి వరసలో ఇల్లిల్లూ పలకరించుకుంటూ, సాయంత్రానికి మళ్ళీ చెట్టు కిందికే చేరతాయి. చెత్తబండి వీధి మొగదల ఆగుతుంది. అంతదూరం ఎవరు మోస్తారు చెప్పండి?

నాలుగో ఇంట్లో డ్రైవింగ్ స్కూలు మాస్టారు ఉంటాడు. ఆయన స్కూల్లో గోడనిండా ఒకే మాట రాసి ఉంటుంది: "చూసుకోనివాడిదే తప్పు." స్టీరింగ్ పట్టుకున్న ప్రతివాడికీ ఆయన మొదటి పాఠం కూడా అదే. "మేక అడ్డమొచ్చినా తప్పు నీదేనోయ్! మేకకి లైసెన్సు లేదు, నీకుంది" అనేవాడు.

అంతటి మాస్టారు ఒక పొద్దున తన వాటా కాయల్ని ఐదో ఇంటి నర్సమ్మగారి గేటు ముందుకు తోస్తున్నాడు. ఆవిడకు నోరెక్కువ. కిటికీ తెరుచుకుంటుందేమోనని తలెత్తి చూస్తూ, దొంగపిల్లిలా వెనక్కి వెనక్కి నడిచాడు. తాను ఊడ్చిన కాయమీద తానే కాలేసి వెల్లకిలా పడ్డాడు. మణికట్టు విరిగింది.

నర్సమ్మగారు పరుగెత్తుకొచ్చి, చేతికి చెక్క కట్టి, "ఎలా పడ్డారు మాస్టారూ?" అంది.

చీపురు ఇంకా ఆయన నడుం కిందే ఉంది. "ఇంకెలా పడతానమ్మా? ఆ దిక్కుమాలిన చెట్టు!" అన్నాడు.

మాట మధ్యాహ్నానికి వీధంతా తిరిగింది. సాయంత్రం వీధి సంఘం అధ్యక్షులవారు అత్యవసర సమావేశం పెట్టి గద్గదస్వరంతో సెలవిచ్చారు. "సోదర సోదరీమణులారా! నిన్న మన మోకాళ్ళు, నేడు మాస్టారి మణికట్టు! ఇంకా ఎన్నాళ్ళు ఈ చెట్టు దౌర్జన్యం?" చప్పట్లు మోగాయి. ఆదివారం చెట్టు కొట్టించాలని ఏకగ్రీవంగా తీర్మానమైంది. అంతకుముందు వీధిదీపం గురించి కూర్చున్నప్పుడు ముగ్గురు కూడా ఒక్కమాట మీదికి రాలేదు.

ఇక్కడొక చిన్న చిక్కుంది. మొదటి ఇల్లు మాస్టారి అక్కది. రేకుల వరండాలో కుట్టుమిషను పెట్టుకుని ఊళ్ళోవాళ్ళ బట్టలు కుట్టి బతుకుతుంది. చెట్టు నీడ పోతే ఆ రేకుల కింద మిట్టమధ్యాహ్నం పిల్లి కూడా కూర్చోదు. ఆ రాత్రి కూర గిన్నె తెచ్చి తమ్ముడి ముందు పెట్టింది.

"చెయ్యి విరిగిందంటే నా ప్రాణం ఉసూరుమందిరా. కానీ నిజం చెప్పు. చెట్టు నీమీదికి నడిచొచ్చిందా?"

మాస్టారు ఇరకాటంలో పడ్డాడు. నిజం చెబితే రేపటినుంచి వీధిలో తలెత్తుకోలేడు. చెప్పకపోతే అక్క మొహం చూడలేడు. తలొంచుకుని ఎడంచేత్తో కూర కెలుకుతూ కూర్చున్నాడు. అక్క లేచి వెళ్ళిపోయింది.

ఆదివారం వీధంతా చెట్టు చుట్టూ చేరింది. గొడ్డలాయన పంచె బిగించాడు. అక్క మిషను మీద గుడ్డ కప్పి గుమ్మంలో నిలబడింది. మాస్టారు ఆమె మొహం చూశాడు, ఇక ఆగలేకపోయాడు.

"ఆగండి! ఆ కాయలు నేను ఊడ్చినవే. నర్సమ్మగారి గేటు ముందుకు తోస్తూ, ఆవిడ చూస్తుందేమోనని వెనక్కి నడిచి పడ్డాను. తప్పు నాదే."

చివరి రెండు మాటలూ ఆ వీధి ఎప్పుడూ విని ఎరగదు. వినికిడి సరిగా లేని పెద్దాయన మళ్ళీ అనమన్నాడు. మళ్ళీ అన్నాడు. నర్సమ్మగారు "అమ్మా! రోజూ నా గేటు ముందు..." అని అందుకుని, ఆరో ఇంటాయన తనవైపే చూస్తున్నాడని గ్రహించి దగ్గింది.

అధ్యక్షులవారి కళ్ళు మాత్రం వెలిగాయి. "మహాశయులారా! ఈ చెట్టును ఎన్నేళ్ళుగా తిడుతున్నాం, ఒక్కసారైనా ఒప్పుకుందా? ఈయన అడక్కుండానే ఒప్పుకున్నాడు! మనిషే దొరికాక మాను ఎందుకు?" అన్నారు. చెట్టు నిర్దోషి అని, మాస్టారు వీధికి శాశ్వత బాధ్యుడు అని అప్పటికప్పుడు తీర్మానించారు. గొడ్డలాయన టీ తాగి వెళ్ళిపోయాడు. అక్క తమ్ముణ్ణి పట్టుకుని ఏడ్చేసింది.

ఇప్పుడు వీధి ఎంత హాయిగా ఉందో మాటల్లో చెప్పలేం. పొద్దున్నే మాస్టారి అరుగు ముందు జనం నిలబడతారు. అధ్యక్షులవారి స్కూటరు గోడకి గుద్దుకుంది. నర్సమ్మగారి పాలు పొంగిపోయాయి. ఆరో ఇంటి అల్లుడు అలిగాడు. మాస్టారు ఒక్కొక్కరికీ "తప్పు నాదే" అంటాడు, వాళ్ళు తేలిక పడ్డ గుండెతో పనులకు వెళతారు. స్కూల్లో శిష్యులు మేకల్ని గుద్దేసి "మీరున్నారుగా మాస్టారూ!" అంటున్నారు. కాయలు మాత్రం ఎప్పట్లాగే ఇల్లిల్లూ తిరిగి సాయంత్రానికి చెట్టు కిందికి చేరుతున్నాయి.

మొన్న అక్క కూడా వచ్చింది. సూది దిగిన వేలు ముందుకు చాపి, "చూడరా తమ్ముడూ, ఏం చేశావో!" అంది.

మాస్టారు వేలు చూశాడు, దూరంగా ఊగుతున్న చెట్టు చూశాడు. "తప్పు నాదేనక్కా" అన్నాడు.

ఈ కథలో ఏ ముక్కైనా మీకు తగిలి ఉంటే దయచేసి మమ్మల్ని అనకండి. ఆయనది నాలుగో ఇల్లు. పెందలాడే వెళితే జనం తక్కువుంటారు.