మడత మూల

ఫ్రీజర్ గదులు కట్టి అమ్మే వ్యాపారి ఆ ఉదయం ఇస్త్రీ చొక్కా తొడుక్కుంటూనే రోజు లెక్కంతా తేల్చేశాడు. తన గదిని కాపీ కొట్టాడని తను కేసు పెట్టిన బావమరిది షెడ్డుకు ఇవాళ పేటెంట్ తగాదా తేల్చే అధికారి వస్తాడు. అక్కడి గదిలో తన మడత మూల కనిపిస్తుంది. మధ్యాహ్నానికి బావమరిది షట్టరు దించేస్తాడు. ఆపైన ఫ్రీజర్ గది కావాలన్న ప్రతివాడూ తన గుమ్మమే తొక్కాలి.

"మా తమ్ముడు వ్యాపారం చెరిసగం చేసుకుందాం అన్నాడుగా. ఒప్పుకోరాదూ?" అంది భార్య.

"మొత్తం నాదైనప్పుడు సగం ఎందుకే? మీ తమ్ముడికి పని నేర్పిందే నేను."

తను కట్టే గదిలో ఒక మూల గోడ లోపలికి మడిచినట్టు ఉంటుంది. దానివల్ల చల్లగాలి సుడి తిరిగి సరుకు త్వరగా గడ్డకడుతుందని దరఖాస్తులో రాయించాడు. పేటెంట్ వచ్చింది దానికే.

గొడవ ముదరకుండా చూద్దామని భార్య కూడా వెంట వెళ్లింది. షెడ్డులో గది కొనడానికొచ్చిన చేపల వ్యాపారి కూర్చుని ఉన్నాడు. అతన్ని బయటే ఉంచి అందరూ గదిలోకి వెళ్లారు. అధికారి టేపు పట్టి కొలిచాడు. మడత మూల దరఖాస్తులోని కొలతలకు అచ్చు గుద్దినట్టు సరిపోయింది.

"కేసు మనదే. ఇక నోరు మెదపకండి," అన్నాడు వెంట వచ్చిన వకీలు, వ్యాపారి చెవిలో.

వ్యాపారి మెదపకుండానే ఉండేవాడు. కానీ బావమరిది ఊరుకోలేదు.

"కాపీ కాదు సార్, నాకే తట్టింది. మా బావకు అంత బుర్రెక్కడిది?"

"తట్టిందా?" వ్యాపారి నోట్లోంచి మాటకన్నా ముందు ఆవిరి వచ్చింది. "ఎలా తట్టిందిరా?"

"గాలి సుడి తిరగాలని ఆలోచిస్తుంటే తట్టింది బావా."

"సుడీ లేదు, గిడీ లేదు! సార్, నేను మొదటి గది కట్టినచోట మూలన స్తంభం అడ్డొచ్చింది. దాన్ని తప్పించడానికి గోడ మడిచాను. ఇక్కడ స్తంభమే లేదు. వీడెందుకు మడిచాడో అడగండి!"

వకీలు సంచీ సర్దుకున్నాడు. భార్య నుదురు కొట్టుకుంది.

"మరి గాలి సుడి?" అన్నాడు అధికారి.

"అది... తర్వాత తిరగడం మొదలెట్టింది సార్."

"స్తంభాన్ని తప్పించుకోవడం కొత్తగా కనిపెట్టడం కిందికి రాదండీ. పేటెంట్ రద్దుకు రాస్తున్నాను."

ఎగిరి గంతెయ్యాల్సిన బావమరిది మొహం పాలిపోయింది. "స్తంభం కోసమా బావా? ఇన్నాళ్లూ అన్ని గదుల్లో అంత చోటు వృథా చేశానా? ఒక్క మాట చెప్పకూడదూ!"

"నువ్వు అడగకూడదూ?"

"అడిగితే కాపీ కొడుతున్నానని తెలిసిపోదూ!"

దిగాలుగా బయటికొచ్చిన ఇద్దరికీ చేపల వ్యాపారి ఎదురొచ్చాడు. కంప్రెసర్ హోరులో అతనికి ఒక్క మాటా వినపడలేదు. గాజు కిటికీలోంచి చేతులూపడం మాత్రం కనిపించింది.

"ఆఫీసర్ని పిలిపించుకుని మరీ కొట్టుకుంటున్నారంటే ఆ మూలలో ఏదో మహత్తుంది. నాకూ అలాంటిదే కావాలి. రేటు ఎక్కువైనా ఫరవాలేదు."

బావ బావమరిదిని చూశాడు. బావమరిది బావను చూశాడు. ఇద్దరికన్నా ముందు భార్యే అందుకుంది.

"కూర్చోండి అన్నయ్యగారూ. మీకు ఒకటేమిటి, రెండు మూలలు మడిపిస్తాం."

సాయంత్రానికల్లా బావా బావమరుదులు చెరిసగం పొత్తు కలిపారు. స్తంభం ఉన్నవాళ్లకు మాత్రం మడత మూల ఉచితం.