తేల్చుకోనివాళ్ల మూల

ఆ జనవరి ఉదయం మార్లిస్ అనుకున్నది చిన్న పనే. సాయంత్రం నిమ్మ కేకు పట్టుకుని బడి భోజనశాలకు వెళ్లడం, భర్త వెర్లిన్ పక్కన నిలబడటం, ఎనిమిదికల్లా ఇంటికి వచ్చేయడం.

అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఆ రోజు ఓటంటే నచ్చిన అభ్యర్థి మూలకు వెళ్లి నిలబడటమే. పన్నెండు మందైనా లేని మూల లెక్కలోకి రాదు. వెర్లిన్ అభ్యర్థి హోల్కమ్ విత్తనాల వ్యాపారి. దేశాధ్యక్షుణ్ణి అవుతానంటున్నాడు గానీ ఇంతవరకూ ఏ పదవిలోనూ కూర్చోలేదు. అతని కోసం వెర్లిన్ మూడు నెలలు మంచులో ఇల్లిల్లూ తిరిగి, తనతో, భార్యతో కలిపి సరిగ్గా పన్నెండు మందిని కూడగట్టాడు.

"మర్చిపోకు, పన్నెండోదానివి నువ్వే," అన్నాడు కాఫీ తాగుతూ.

"నన్నెప్పుడూ చివర్లోనే లెక్కేస్తావుగా," అంది మార్లిస్.

సాయంత్రం భోజనశాలకు చేరేసరికి కేకు కోయడానికి బల్ల కావాలి, నొప్పెట్టే మోకాలికి కుర్చీ కావాలి. రెండూ వంటగది పక్క మూలలో కనిపించాయి. 'ఇంకా తేల్చుకోలేదు' అన్న అట్ట ఆమె వీపు వెనక గోడకు వేలాడుతోంది.

ఊళ్లో సగం మంది ఆ బడిలో ఆమె వండింది తిని పెరిగినవాళ్లే. పళ్ల డాక్టరు క్విస్ట్ ఆగిపోయాడు.

"మార్లిస్ గారూ, మీరు కూడానా? హోల్కమ్ మీద మీకూ అనుమానమేనా?"

అడిగితే నిజం చెప్పడం ఆమెకు అలవాటు. "మనిషి మంచివాడే. కానీ మా బడి వంటింటికి ఓసారి బయటినుంచి కొత్త అధికారి వచ్చాడు. పాత పద్ధతులన్నీ చెత్తన్నాడు. నిజమే, చెత్తే. అయినా వంటవాళ్లెవరూ మాట వినలేదు. పిల్లలు మూడు వారాలు చల్లారిన రొట్టె తిన్నారు. మరి వాషింగ్టన్‌లో చట్టాలు చేసే కాంగ్రెస్ ఈయన మాట వింటుందా?"

"ఆ రొట్టె నేనూ తిన్నా," అంటూ క్విస్ట్ కుర్చీ లాక్కున్నాడు.

మాట గది అంతా పాకింది. కేకు కోసం వచ్చినవాళ్లు వాదన కోసం ఆగారు. వాదనకు వచ్చినవాళ్లు కేకు కోసం ఆగారు.

మొదటి లెక్కలో హోల్కమ్ మూలలో పదకొండు మందే తేలారు. మూలలు మారడానికి పావుగంట గడువు. వెర్లిన్ పరిగెత్తుకొచ్చాడు.

"లే మార్లిస్! నీ ఒక్కదానివల్లే పోయేట్టున్నాం!"

ఆమె అప్పుడే వెనక్కి తిరిగి అట్ట చూసింది. "అయ్యో రామా" అనే అలవాటున్న దేశం కాదు గనక "ఓరి దేవుడా" అని, కుంటుకుంటూ హోల్కమ్ మూలకు బయల్దేరింది. వెర్లిన్ వెనకే వెళ్లేవాడే, క్విస్ట్ అడ్డుపడ్డాడు.

"ముందిది చెప్పు. కాంగ్రెస్‌లో ఆయనకి తెలిసినవాడు ఒక్కడున్నాడా?"

"లేకపోవడమే కదా గొప్ప! పాతవాళ్లంతా కుమ్మక్కైపోయారు!"

"మరి చట్టాలు ఎవరు చేస్తారు? విత్తనాల బస్తాలా?"

వెర్లిన్ ముఖం ఎర్రబడింది. అతనికి మద్దతుగా అతని పదిమందీ ఒక్కొక్కరే వచ్చి చుట్టూ చేరారు. చేతికందిన కేకూ తీసుకున్నారు.

సభ నడిపే లావోన్ గంట కొట్టింది. "ఎక్కడివాళ్లు అక్కడే! లెక్క మొదలు!"

హోల్కమ్ మూలలో ఒక్కరే ఉన్నారు. మార్లిస్.

వెర్లిన్‌తో, అతని పదిమందితో కలిపి తేల్చుకోనివాళ్లు నలభై ముగ్గురు. వాళ్లు జిల్లా సభకు తమ ప్రతినిధిగా అందరికంటే గట్టిగా మాట్లాడినవాణ్ణి ఎన్నుకున్నారు. వెర్లిన్‌ని.

ఇంటికెళ్తూ కారులో అతను అడిగాడు. "ఆయన మీద నమ్మకం లేదుగా. మరెందుకెళ్లి నిలబడ్డావు?"

"మంచులో తిరిగింది ఆయన కాదుగా," అంది మార్లిస్.

కొత్తవాడొస్తే కాంగ్రెస్ ఏమవుతుందోనని ఓటర్లు లోతుగా తూచి చూశారని జిల్లా పత్రిక రాసింది. నిమ్మ కేకు ఊసు అందులో లేదు.