ఉప్పునీళ్ల డ్రమ్ము ఎందుకు పనికిరాదు

ఒక వస్తువు పనిచేస్తుందో లేదో పనిచేయించి చూసి తెలుసుకోవడం అనాగరికుల పద్ధతి. నాగరికత ముదిరిన సంస్థలు ఫైలు చూసి తెలుసుకుంటాయి. విశాఖపట్నంలో, కంచరపాలెం రైలుపట్టాల అవతలున్న తీరప్రాంత ఇనుప తుక్కు సేకరణ సంస్థ 1978 నాటికే అంతటి నాగరికత సాధించింది. (తుక్కు ఎంత సేకరించిందన్నది వేరే ఫైలు.)

ఆ సంస్థలో అనాగరికుడు ఒక్కడే మిగిలాడు. పేరు తవిటయ్య, హోదా బ్యాటరీ రూము అటెండరు. యార్డులో పెద్ద క్రేను ఉంది. దాని కొసన బండిచక్రమంత అయస్కాంతం వేలాడుతూ, కరెంటు ఉన్నంతసేపు టన్ను తుక్కును అమాంతం పట్టుకుంటుంది. కరెంటు పోతే వదిలేస్తుంది. ఆ రోజుల్లో కరెంటు పోవడం వార్త కాదు, ఉండడం వార్త. అందుకని, కరెంటు పోయిన క్షణం నుంచి ఇరవై నిమిషాలు అయస్కాంతం పట్టు సడలకుండా యాభై అయిదు సెల్లుల బ్యాటరీ ఒకటి పెట్టారు. ఈలోగా సరుకును నెమ్మదిగా దించెయ్యాలి. కింద తుక్కు ఏరే కూలీలు ఎనిమిది మంది. అందులో ఒకతె తవిటయ్య భార్య చిలకమ్మ.

బ్యాటరీకి తొమ్మిదేళ్లు నిండాయి. మీటరు పెడితే ముల్లు ఠీవిగా నూట పది వోల్టులు చూపిస్తుంది. ఎంత ముసలి బ్యాటరీ అయినా మీటరు ముందు పెళ్లిచూపుల్లో కూర్చున్నంత బుద్ధిగా ఉంటుందని తవిటయ్యకి తెలుసు. దాని బండారం బయటపడాలంటే నిండా చార్జి చేసి, బరువు మోపి, అడుగంటా ఖాళీ చేయించి, ఎంతసేపు నిలిచిందో గడియారం పెట్టి చూడాలి. దాన్ని డిశ్చార్జి అంటారు. దానికో పరికరం కావాలి. అది సంస్థలో లేదు.

"ఏటి మావా, నీ బేటరీ మా నెత్తిమీద ఇనుమును ఆపుతాదా, ఆపదా? ఏదోటి సెప్పు," అంది చిలకమ్మ.

"సెప్పలేనే సిలకా. డిశార్జి సేసి సూత్తేనే తెలుత్తాది."

"అయితే సెయ్యి. నిన్నెవుడాపాడు?"

ఆపడానికి సంస్థలో పదకొండు సెక్షన్లున్నాయని పాపం ఆ మహాతల్లికి తెలీదు.

తవిటయ్య అర్జీ పెట్టాడు: 'మన పాత బ్యాటరీని డిశ్చార్జి చేయుటకు చవకలో ఏదైనా సామాను ఇప్పించగలరు.' డిశ్చార్జి అన్న మాట కంటబడగానే ఎవరినో ఉద్యోగంలోంచి తీసేస్తున్నారనుకుని టపా గుమాస్తా దాన్ని సిబ్బంది వ్యవహారాల సెక్షనుకి పంపేశాడు. అక్కడ శ్రీరామ్మూర్తి అనే పెద్ద గుమాస్తా ఉన్నాడు. ఏ కాగితాన్నీ మొదటి పంక్తి దాటి చదవకుండా పాతికేళ్లు నెట్టుకొచ్చిన సమర్థుడు. ఆయన మూడు వారాలు ఆలోచించి జవాబు రాశాడు: 'సదరు బ్యాటరీ ఉద్యోగంలో చేరిన తేదీ, ప్రవర్తన, డిశ్చార్జికి కారణం (అవిధేయతయా, అనారోగ్యమా) తెలుపవలెను.'

తవిటయ్య అబద్ధమాడే మనిషి కాదు. చేరినది 1969లో, ప్రవర్తన మంచిదే, అనారోగ్యమని అనుమానం, అని నింపి పంపాడు.

అనారోగ్యం గనక కాగితం సంస్థ డాక్టరుగారికి వెళ్లింది. ఆయన కాగితాన్ని పరీక్షించి, పదిహేను రోజులు పూర్తి విశ్రాంతి రాశాడు. బ్యాటరీకి సెలవు మంజూరైంది. కాని బదులుకి వేరే బ్యాటరీ లేనందున, సెలవులో ఉంటూనే విధులకు హాజరు కావలసిందిగా దానికి ఉత్తర్వు అందింది. తవిటయ్య దాన్ని బ్యాటరీ రూము తలుపుకి అంటించాడు. అంటించకపోతే మెమో వస్తుంది.

నాలుగు నెలలకి అర్జీ దారి తప్పి అసలు చోటికి చేరింది. కొనుగోళ్ల సూపరింటెండెంటు గంగాధరరావు గోదావరి జిల్లా నుంచి వచ్చినవాడు, చెప్పిన ధరకి జీవితంలో ఏదీ కొనని వాడు. బొంబాయి యంత్రం పదకొండు వేలని విని మంచినీళ్లు తాగాడు. మద్రాసు యంత్రం ఆరు వేలని విని ఇంకో గ్లాసు తాగాడు.

"అంతెందుకు బాబూ," అన్నాడు తవిటయ్య. "యార్డులో ఒట్టి డ్రమ్ములు పడున్నాయి. ఒకదాన్లో ఉప్పునీళ్లోసి, రెండు ఇనప్పలకలు ఏలాడదీసి, వయర్లు తగిలిత్తే సాలు. కరెంటంతా నీళ్లలోకి దిగిపోతాది. పలకలు కిందికీ మీదికీ జరుపుకుంతే బరువు మన సేతిలో ఉంటాది. ఒక్క ఆదివారం సాలు బాబూ. ఉప్పు జాలరిపేట్లో దొరుకుతాది."

"ఉప్పా?" గంగాధరరావు కళ్లజోడు తీశాడు. "ఉప్పు వంటసరుకయ్యా. క్యాంటీన్ పద్దులోది. దాన్ని కరెంటు పనికి వాడితే ఆడిట్ వాళ్లకి నేనేం చెప్పను? పైగా డ్రమ్మంటే తుక్కు. తుక్కు మనం అమ్మే సరుకు, వాడే సరుకు కాదు."

"పోనీ నా ఇంటి ఉప్పు తెత్తాను బాబూ."

"మరీ దారుణం! సంస్థ ఉప్పు నువ్వు తినాలి గాని, నీ ఉప్పు సంస్థ తింటుందటయ్యా?"

ఆ మాటకి ఆఫీసంతా మెచ్చుకోలుగా తలూపింది. 'బ్యాటరీ పరీక్షకు పరికరము, అతి తక్కువ ధరకు' అని కొటేషన్లు పిలిచారు. అందరికంటే తక్కువకి పాడినవాడు మద్దిలపాలెంలో రబ్బరు స్టాంపులు చేసే ఆసామి. పద్నాలుగు రూపాయల యాభై పైసలు, చెక్క పిడి, సిరాదిండు ఉచితం. స్టాంపు మీద 'పరీక్షించబడినది' అని గుండ్రటి అక్షరాలుంటాయి. ఎంత ఖరీదైన యంత్రమైనా ఆఖరికి ఈ ముద్ర కోసమే కదా పాటుపడేదని కొనుగోళ్ల కమిటీ గ్రహించింది. మధ్యలో యంత్రమెందుకని ప్రశ్నించుకుని స్టాంపు కొనేసింది.

"సెల్లుకొక ముద్ర కొట్టు, యాభై అయిదు," అన్నాడు గంగాధరరావు.

"కొట్టను బాబూ. అబద్దమవుతాది. కింద నా ఆడది పన్జేత్తంది."

"చూశావా, సొంత మనుషుల ప్రస్తావన తెచ్చావు. నువ్వు నిష్పక్షపాతంగా లేవు. ఇకమీదట పరీక్షలతో నీకు సంబంధం లేదు."

ముద్రలు శ్రీరామ్మూర్తి కొట్టాడు. పన్నెండు నిమిషాల్లో పని ముగించి, చేతికంటిన సిరా కడుక్కోవడానికి అరగంట తీసుకున్నాడు.

తవిటయ్యకి తిండి సహించలేదు. "సిలకా, మీద ఇనుమున్నప్పుడు కింద ఉండకే," అని రోజూ బతిమాలేవాడు.

"కిందుంతేనే కూలి మావా. పక్కకెల్తే హాజరు కొట్టేత్తారు," అనేది ఆమె.

ఆషాఢంలో గాలివాన రోజున, పట్టపగలు పదకొండు గంటలకి కరెంటు పోయింది. బ్యాటరీ రూములో బల్బు ఆరగానే తవిటయ్య "లెగండర్రా! పరిగెట్టండి!" అని అరుస్తూ వానలోకి ఉరికాడు. నాలుగంకెలు లెక్కపెట్టేలోగా టన్ను రైలుపట్టా ముక్కలు దబ్బుమని కూలాయి. ఏడుగురు తప్పించుకున్నారు. వీరన్న అనే కూలీ కుడికాలి వేళ్లు రెండు నలిగిపోయాయి. చిలకమ్మ అడ్డచుట్ట ముట్టించుకోవడానికి షెడ్డు చూరు కిందికి వెళ్లబట్టి బతికింది. అడ్డచుట్ట తీరున నిప్పు ఉన్న కొసని నోట్లోనే పెట్టుకుని నిలబడింది. తవిటయ్య ఆమె రెండు చేతులూ పట్టుకుని సిగ్గు విడిచి ఏడ్చాడు.

"ఇరవై నిమిసాలన్నారు గదా మావా?" అంది చిలకమ్మ.

కమిటీ మర్నాడే కూర్చుంది. బ్యాటరీకి ముద్ర ఉంది గనక బ్యాటరీ దోషం లేదని తేల్చింది. పైగా ఎంతోకాలంగా పెండింగులో ఉన్న డిశ్చార్జి పరీక్ష పైసా ఖర్చు లేకుండా నాలుగు సెకన్లలో పూర్తయినందుకు హర్షం వెలిబుచ్చింది. ఇంత చవకైన పద్ధతిని ఒక్కసారితో వదులుకోవడం గంగాధరరావుకి మనసొప్పలేదు. సాయంత్రానికి సర్క్యులర్ వచ్చింది. చిలకమ్మకి చదువు రాదు గనక తవిటయ్యే గోడ దగ్గర నిలబడి చదివి వినిపించాడు.

'ఇకపై ప్రతి నెల మొదటి సోమవారం ఉదయం పది గంటలకు కరెంటు ఆపి బ్యాటరీ పరీక్షించబడును. ఫలితము సహజముగా ఉండుటకై కూలీలు తమతమ స్థానములలోనే ఉండవలెను. కావలసిన పరికరములు: క్రేను ఒకటి, తుక్కు ఒక టన్ను, కూలీలు ఎనిమిది మంది. మొదటి రెండూ విలువైనవి గనుక జాగ్రత్తగా వాడవలెను. మూడవది స్థానికముగా లభించును, కొటేషన్లు అవసరము లేదు.'