మూడు తలుపుల స్వేచ్ఛ

“స్వేచ్ఛే ఉద్యోగికి ఊపిరి. కావున శనివారం ఉదయం పది గంటలకు సిబ్బంది అంతా విధిగా హాజరై తమ స్వేచ్ఛను వినియోగించుకోవలెను. గైర్హాజరైన వారిపై చర్య తీసుకొనబడును.”

ఈ సర్క్యులరు మా నీటి సరఫరా ఆఫీసు నోటీసు బోర్డుకెక్కిన రోజున చదివినవాళ్ళకి ఒళ్ళు పులకరించింది. ముఖ్యంగా నాకు. రాసింది నేనే మరి! మా ఆఫీసరుగారి మాటలన్నీ నేనే రాస్తాను. ఆయన సంతకం పెడతారు.

ఫిర్యాదుల విభాగంలో సూపరింటెండెంటు పోస్టు ఖాళీ అయి రెండేళ్ళు. ఆ రెండేళ్ళూ ఆ కుర్చీ పనంతా చేసింది మా టైపిస్టు అక్క. పదహారేళ్ళ సర్వీసు. కుళాయి రాక నిప్పులు కక్కుతూ వచ్చినవాడు కూడా ఆవిడతో నాలుగు మాటలు మాట్లాడి, “వస్తానమ్మా” అని వెళ్ళేవాడు. పోస్టు ఆవిడదేనని ఆఫీసు గోడలకి కూడా తెలుసు. కాకపోతే ఆఫీసరుగారికి ఒక బావమరిది ఉన్నాడు. ఆయనా మా ఆఫీసులోనే పనిచేస్తాడు. అంటే, వస్తాడు. హాజరుపట్టీలో ఆయనకో పేరుంది గానీ అందరం ‘బావమరిదిగారు’ అనే అంటాం.

ఇంతలో, ఎంపిక సిబ్బంది ఇష్టప్రకారం జరగాలని పైనుంచి ఉత్తరం వచ్చింది. అదృష్టవశాత్తూ ఆఫీసరుగారు అప్పుడే ఏదో శిక్షణ తరగతికి వెళ్ళి ఒక బల్లమీది ఆట నేర్చుకొచ్చారు. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్ళు అందులో వీరులై, “నేనిది చేస్తాను” అంటారు. అయిందో లేదో పాచిక తేలుస్తుంది. ఈ ఆటలో కిరీటం ఎవరికి దొరికితే వారే సూపరింటెండెంటు! కథ కట్టే భారం నా నెత్తిన పడింది. వారం రోజులు ఫైళ్ళన్నీ అటకెక్కించి ఆ శాస్త్రం చదివాను.

“గుహ పద్ధతి ఒకటుంది సార్,” అన్నాను. “గదుల పటం ముందే గీసేస్తాం. ఏ గదిలో ఏముందో ఇక మారదు. పాచికలు అందరి ముందూ వేస్తాం. ఎవరి తెలివి వాళ్ళది.”

“మావాడు ఎంతవరకూ వెళ్తాడు?”

“రెండో గదిలో పోతాడండి.”

“ఛ! ఇంకోటి చెప్పు.”

“పట్టాల పద్ధతి. మనమేసిన పట్టాల మీదే కథ నడుస్తుంది. మధ్యలో దిగడానికి లేదు.”

“భేష్! కానీ జనానికి తెలిసిపోదూ?”

“తెలుస్తుందండి. మూడోది మైదానం పద్ధతి. ఎవరు ఎటైనా పోవచ్చు.”

“పేరు బ్రహ్మాండంగా ఉందయ్యా! పైకి మైదానం పెట్టు. కింద పట్టాలు వెయ్యి.”

వేశాను. మైదానం నడుమ ఒక కోట. కోటకి మూడు తలుపులు. ఏ తలుపు తీసినా అదే గది, అదే రాక్షసుడు, అదే కిరీటం! ఒకసారికి ఒక తలుపే తీస్తారు గనక రెండోదాని వెనక ఏముందో ఎవడికీ తెలియదు. చివరి పాచిక ఆఫీసరుగారు ఫైళ్ళ చాటున వేస్తారు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

శుక్రవారం అక్క నా బల్ల దగ్గరికొచ్చింది. “తమ్ముడూ, రేపు నిజంగా ఎటైనా వెళ్ళొచ్చా?”

“నిజంగా అక్కా! నీ ఇష్టం నీది.”

“సరే,” అని వెళ్ళిపోయింది.

శనివారం పది గంటలకి ఆట మొదలైంది. వీరులు ముగ్గురు: అక్క, బావమరిదిగారు, జీపు డ్రైవరు. మిగతావాళ్ళు చుట్టూ నిలబడ్డారు. ఆఫీసరుగారు రెండు లావుపాటి ఫైళ్ళు నిలబెట్టి వాటి వెనక కూర్చున్నారు. వారి వెనక నోటుబుక్కుతో నేను.

“ఎదురుగా మూడు తలుపులు! ఏది తీస్తారో మీ ఇష్టం!” అని మొదలెట్టారు ఆఫీసరుగారు.

“మధ్యది బావా!” అన్నారు బావమరిదిగారు.

“ఇక్కడ నేను బావని కాను. కథ నడిపేవాణ్ణి.”

“సరే బావా.”

అక్క మెల్లగా అంది: “ఉన్నది ముగ్గురం కదండీ. తలా ఒక తలుపూ ఒకేసారి తీస్తాం.”

ఆఫీసరుగారు నావైపు తిరిగారు. నేను నోటుబుక్కు తిరగేశాను. ఉన్నది ఒక్కటే గది!

“మధ్య తలుపు వెనక,” అని చదివారు ఆయన, “ఒక గది. మూల రాక్షసుడు. పగిలిన కుండ. కిరీటం.”

“నా ఎడమ తలుపు వెనకో సార్?” అన్నాడు డ్రైవరు.

“ఒక గది. మూల రాక్షసుడు. పగిలిన కుండ...”

“నాకూ పగిలిన కుండేనాండీ?” అంది అక్క.

ఆఫీసరుగారు నుదురు తుడుచుకున్నారు. “కుండే. కానీ వేరే కుండ.”

ఆ లెక్కన కిరీటాలు మూడు దొరికాయి. ఖాళీ ఒక్కటే ఉంది. కనక పాచికతో తేల్చాలన్నారు. అక్క అందరి ముందూ వేసింది. ఆరు! డ్రైవరు వేశాడు. రెండు. బావమరిదిగారి తరఫున ఆఫీసరుగారు ఫైళ్ళ చాటున వేసి తొంగిచూశారు.

“ఏడు!” అన్నారు.

పాచికకి ఉన్నవి ఆరు ముఖాలే. ముందు నేను చప్పట్లు కొట్టాను.

“సిబ్బంది స్వేచ్ఛగా ఎన్నుకున్నారు!” అని ప్రకటించి, ఆఫీసరుగారు అక్కవైపు తిరిగారు. “ఆర్డరు వెంటనే టైపు చెయ్యమ్మా.”

“సోమవారమే చేశానండీ,” అంది అక్క, సొరుగులోంచి కాగితం తీస్తూ. “తేదీ ఒక్కటి ఖాళీగా ఉంచమన్నారు మీరే. ఇప్పుడు వేసేస్తాను.”

మిషను టకటకమంది. ఆఫీసరుగారు గొంతు సవరించుకుని, గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు.

నేను అక్క బల్ల దగ్గరికెళ్ళాను. “అక్కా, అన్నీ తెలిసి నిన్న నన్నెందుకడిగావు?”

“ఆర్డరు సంగతి తెలుసు. నీ సంగతి తెలియలేదు తమ్ముడూ.”

సిగ్గుతో చచ్చిపోయాను. చచ్చినా రిపోర్టు రాయాలి కదా! ‘అందరూ తమ ఇష్టప్రకారమే నడుచుకున్నారు’ అని ముగించి, టైపుకోసం అక్కకే ఇచ్చాను. ఆవిడ చివరి వాక్యం దగ్గర ఆగి తలెత్తింది.

“ఈ ‘అందరూ’లో నన్ను కూడా కలిపావా?”

“కలిపానక్కా,” అన్నాను.