శనివారం పూట ఎనిమిది గుడ్లు

హెచ్చార్ దొరలూ, ఈ పాపం మీది. ప్రాజెక్టు అయిపోగానే మనిషిని పని ఇవ్వకుండా బెంచీ మీద కూర్చోబెట్టి, అరవై రోజుల్లో ఇంకోటి వెతుక్కోకపోతే రాజీనామా రాయించుకునే రూలు మీరు పెట్టకపోతే, హఫీజ్‌పేట్‌లో కిరణ్ పాల్ శనివారం పొద్దున్నే ఓవెన్ ముందు మోకాళ్ళ మీద కూర్చునేవాడే కాదు.

ఆ రోజుకి అతను బెంచీ ఎక్కి యాభై రెండు రోజులు. మిగిలింది ఎనిమిది. కంపెనీలో పెద్ద మేనేజరైన రంగనాథ్‌ని భార్యతో సహా పదకొండు గంటలకు ఇంటికి పిలిచాడు. కడుపు నిండాక ఆయన ప్రాజెక్టులో సీటు అడగాలి. విదేశాల్లో రెండేళ్ళు పనిచేసి వచ్చిన మనిషికి ఉప్మా ఏం పెడతామని, కిరణ్ భార్య ప్రిస్కిల్లా ముందురోజు సాయంత్రమే ట్రే నిండా బ్రెడ్డు ముక్కలు పేర్చి, పాలల్లో ఎనిమిది గుడ్లు గిలకొట్టి పోసి ఫ్రిజ్‌లో నానబెట్టింది. పదింటికి ఓవెన్‌లో పెడితే సరి. వేడివేడి ఫ్రెంచ్ టోస్ట్.

కిరణ్ తల్లి రాహేలు ట్రేలోకి తొంగి చూసింది.

"ఏందిరా, ఇయ్యాల శనివారం గదా. మీ సారు నామం పెట్టుకుంటడంటివి. శనివారం గుడ్డు ముడ్తడా?"

కిరణ్ ఫోన్ అందుకున్నాడు. "ఫోన్ చేసి అడగనా?"

"ఇప్పుడడిగితే పరువు పోతుందండి," అంది ప్రిస్కిల్లా. ఆ ట్రే మళ్ళీ ఫ్రిజ్‌లోకి పోయింది. గుడ్లకు బదులు కస్టర్డ్ పొడి కలిపి రెండో ట్రే ఓవెన్‌లోకి వెళ్ళింది.

పది నిమిషాలకే కరెంటు పోయింది. జనరేటర్ మొదలైంది గానీ ఓవెన్ వెలగలేదు. కిరణ్ కిందికి పరిగెత్తి, అపార్ట్‌మెంట్ ఎలక్ట్రీషియన్ తిరుపతిని పట్టుకున్నాడు.

"జనరేటర్ మీద ఓవెన్ నడువది సార్. ఫ్యాన్లు, లైట్లు, లిఫ్టు. గంతే."

"అయితే లిఫ్టులో పెట్టి కాల్చుకోవాల్నా?"

"మీ ఇష్టం సార్. తలుపు మాత్రం గట్టిగ మూసుకోండ్రి."

కరెంటు వచ్చేసరికి పదీ నలభై. ఆఫీసులో గడువు దగ్గరపడితే మనుషుల్ని రెట్టింపు చేస్తారు. కిరణ్ అదే లెక్కన వేడిని రెట్టింపు చేశాడు. పావుగంటలో టోస్ట్ పైన బొగ్గయింది, లోపల పాయసంలా ఉండిపోయింది. నలుపు గీకి, జీడిపప్పు కప్పుతుండగా బెల్లు మోగింది.

రంగనాథ్ మొహం పీక్కుపోయి ఉంది. ఆయన భార్య వెంకటలక్ష్మి గుమ్మంలోనే గాలి పీల్చింది.

"ఏందో మాడినట్లుందే?"

"అది ఫ్రెంచ్ పద్ధతండి," అంది ప్రిస్కిల్లా.

"గుడ్డు ల్యాదు గదమ్మా? శనివారం మేము ముట్టము."

"అస్సలు లేదండి." ఆ పూట జరిగిన మంచి అదొక్కటే.

అందరూ కూర్చున్నారు. ఆ ఇంట్లో ప్రార్థన చేయకుండా ముద్ద నోట్లో పెట్టరు. రాహేలు కళ్ళు మూసుకుంది.

"ప్రేమగల తండ్రీ, నీకు స్తోత్రం. నా బిడ్డ బెంచీ మీద కూసొని యాభై రెండు దినాలాయె. ఇంకో ఎనిమిది దినాలైతే నౌకరి పోతది. ఈ రంగనాథ్ సారు మనసు మెత్తగ చేసి ఒక్క సీటు ఇప్పించు ప్రభువా. ఈ టోస్ట్ లోపల ఉడకలే, తినేటోళ్ళ కడుపులు నువ్వే కాపాడు. ఆమెన్."

కిరణ్ కళ్ళు తెరవలేదు. తెరిచే ధైర్యం లేదు.

రంగనాథ్ గొంతు వినిపించింది. "అమ్మా, అదే ప్రార్థనలో నా పేరు గూడా చేర్చండి. నన్ను బెంచీ మీదేసి నలభై దినాలు. కిరణ్ వాళ్ళ ప్రాజెక్టులో ఏమన్నా దొరుకుతాదేమో అడుగుదామని వస్తిని."

వెంకటలక్ష్మి మొగుడి వైపు తిరిగింది. "నాకు చెప్పనే ల్యాదే. దినామూ మెడలో కార్డు ఏసుకోని ఏడికి పోతాంటివి?"

"పార్కుకు."

రాహేలు కొంగు నెత్తి మీదికి లాక్కుంది. మళ్ళీ కళ్ళు మూసుకుంది.

కాబట్టి దొరలూ, ఆ అరవై రోజుల రూలు సోమవారం పొద్దున్నే ఎత్తేయండి. అది మీ చేత కాకపోతే బెంచీ మీద ఎవరెవరున్నారో జాబితా రాసి గేటుకైనా అంటించండి. ఎవరిని భోజనానికి పిలవాలో జనానికి తెలియాలి.