ఒకరు తగ్గారు

ఆ ఉదయం లక్ష్మీనరసింహం వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండింటికి ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు జయరావు గారు చిలకలూరిపేట జిన్నింగ్ మిల్లుకి వస్తారు, భద్రతా ప్రణాళిక ఫైలు చూస్తారు, పులిహోర తిని వెళ్తారు. మేనేజరు కాబట్టి ఆ ప్రణాళిక తనే తయారుచేశాడు. అంటే, ఇంకో మిల్లుది తెచ్చి పేరు మార్చాడు. ‘ప్రమాద సమయంలో బాధ్యులు’ అన్నచోట మాత్రం ఎవరో ఒకరి సంతకం కావాలి. అప్పుడు గది ఊడుస్తున్న అమీర్‌బీ చేత పెట్టించాడు.

"నేనేం చెయ్యాలి సారూ?" అని అడిగిందామె.

"ఏం చెయ్యక్కర్లేదు. పేరుకే."

అమీర్‌బీకి పేరంటే పట్టింపు. ఆ కాగితాలు జిరాక్సు తీయించుకుని, మనవరాలు సమీరా చేత మూడుసార్లు చదివించుకుంది.

"జీపు మలుపు తిరగ్గానే గంట కొట్టు, సర్దుకుంటాం" అని వాచ్‌మన్ జాన్ బాషాకి చెప్పి, లక్ష్మీనరసింహం ఆఫీసు గదిలో ప్లేట్లు పెట్టించే పనిలో పడ్డాడు. గేటు దగ్గరున్నది ఒకటే గంట. అగ్నిప్రమాదం జరిగితే కొట్టాలని నిన్ననే తగిలించారు.

గంట మోగింది. మరుక్షణం ఫ్యాను ఆగింది, మిషన్లు ఆగాయి. "దూది వదిలేయండి! తోసుకోకుండా నడవండి!" అని అమీర్‌బీ గొంతు. ఏమిటీ గోల అని విసుక్కుంటూ ఆయన ప్లేట్లు సర్దుతుంటే, కాసేపటికి ఆమే తలుపు తోసుకొచ్చింది. ముఖానికి తడి కొంగు చుట్టుకుని ఉంది. ఆయన చెయ్యి పట్టుకుని బరబరా బయటికి లాగింది. పులిహోర చొక్కా మీదికి వచ్చేసింది.

బయట మిల్లు మనుషులంతా లారీల కాటా మీద బారుగా నిలబడి ఉన్నారు. గేటుకి తాళం. అవతల ఎండలో ఇన్‌స్పెక్టరు.

"లెక్క తేలేదాకా ఎవర్నీ లోపలికి రానివ్వకూడదంట సార్, కాగితంలో ఉందంట" అన్నాడు జాన్ బాషా.

లక్ష్మీనరసింహానికి ఒళ్లు మండిపోయింది. "ఊడ్చే పని చూసుకోక నీకెందుకే ఈ పెత్తనం?" అని అందరి ముందూ అరిచాడు. గేటు తీయగానే అమీర్‌బీ ఎవరి వంకా చూడకుండా వెళ్లిపోయింది.

జయరావు చెమట తుడుచుకుంటూ లోపలికొచ్చాడు. "ఇరవయ్యేళ్ల సర్వీసులో, కాగితంలో ఉన్నది ఉన్నట్టు చేసినవాళ్లని ఇవాళే చూశానండి. ఏరీ ఆవిడ?"

సాయంత్రం లక్ష్మీనరసింహం అమీర్‌బీ ఇంటికి వెళ్లాడు. "తప్పయిపోయింది అమీర్‌బీ. నోరు జారాను. రేపు వచ్చెయ్" అన్నాడు.

"తిట్టినందుక్కాదు సారూ" అందామె నెమ్మదిగా. "ముప్పై రెండు మందికి ముప్పై ఒక్కరే ఉన్నారు. తగ్గింది మీరు. దూదిలో నిప్పు పైకి కనపడదు గదా. లోపల కాలతా ఉందనుకునే మీకోసం వచ్చా."

సమీరా ఇచ్చిన టీ చేతిలోనే చల్లారిపోయింది. అమీర్‌బీ మళ్లీ మిల్లుకి రాలేదు.

వారం తర్వాత ఇన్‌స్పెక్టరు రిపోర్టు వచ్చింది: సిబ్బంది విషయంలో యాజమాన్యం తీసుకుంటున్న శ్రద్ధ అభినందనీయం.